పచ్చి పెట్రోలు

మా మామగారికి చెవులు వినపడవు. వయసంతా కలప అడితిలో రంపం మిషను పట్టుకుని మొద్దులు కోశారు. ఆ మోతే ఆయన చెవులను మింగేసింది. మనం మాట్లాడితే పెదాలు చూసి పట్టేస్తారు గానీ, తనకు వినపడనిది ఎదుటివాళ్లకూ వినపడదని ఆయన గట్టి నమ్మకం. అందుకని ఆయన మా ఇంట్లో కేకేసి మంచినీళ్లడిగితే గోడ పక్క షెడ్డులో స్కూటర్ మెకానిక్ గ్లాసు వెతుక్కుంటాడు. అదీ సర్దుకుపోవచ్చు. కన్నకొడుకును, అంటే మా ఆయన్ని, ఆయన పిలిచే పిలుపుతోనే వచ్చింది చిక్కంతా.

"ఒరేయ్ పచ్చి పెట్రోలూ! అన్నం తిన్నావా?"

పెళ్లై వచ్చిన కొత్తలో అదేదో ముద్దుపేరు కాబోలనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది. మా ఆయనకు నూనూగు మీసాలొచ్చే వయసులో పెరట్లో చెట్టు కూలిందట. మామగారు తన సొంత మిషనుతో మొద్దు కోస్తూ, మధ్యలో భోజనానికి లేచి, పెట్రోలు పోసి ఉంచమని కొడుక్కి చెప్పారు. ఆ మిషనుకు పెట్రోల్లో ఇంజనాయిలు కలిపి పొయ్యాలి. ఈ మహానుభావుడు ఆయిలు కలపకుండా పచ్చి పెట్రోలు పోశాడు. మొద్దు సగం తెగేసరికి లోపల పిస్టన్ వేడెక్కి సిలిండరుకు అతుక్కుపోయింది. ప్రాణంలా చూసుకున్న మిషనును మామగారు అటకెక్కించేశారు. కొడుక్కి ఆ పేరు పెట్టేశారు.

సగం కోసిన మొద్దు ఇప్పటికీ పెరట్లోనే ఉంది. రోజూ పొద్దున్నే దాని మీద కూర్చుని టీ తాగుతారు. ఆ కోత సందులో బిస్కెట్ పొడి పడీ పడీ చీమలు కాపురం పెట్టాయి. తీయించేద్దామంటే ఒంటికాలి మీద లేస్తారు.

"ఉండనీ! వాడు చూడాలి!"

వాడు చూడకేం చేస్తాడు, పెరట్లోకి వెళ్లినప్పుడల్లా ఎదురుగా అదేగా! మా ఆయన టైలరు. కుట్టు మిషనును కళ్లు మూసుకుని విప్పి బిగించగలడు. అయినా ఇంట్లో బల్బు మార్చాలంటే మామగారు మెకానిక్‌ను కేకేస్తారు. కొడుకు చేతికి స్క్రూడ్రైవరు ఇవ్వరు గాక ఇవ్వరు.

ఒకరోజు కొత్తగా వచ్చిన ఒకావిడ షాపు గుమ్మంలో నిలబడి, చాలా మర్యాదగా అడిగింది.

"పచ్చి పెట్రోలు గారి షాపు ఇదేనాండీ?"

పాపం, ఆవిడ తప్పేం లేదు, ఎవరో అలాగే చెప్పి పంపారు. మా ఆయన ఆవిడ కొలతలు తీసుకున్నాడు, పంపించాడు, షట్టరు దించాడు. ఇంటికొచ్చి నిచ్చెన వేసి అటకెక్కాడు.

"ఏమండీ, ఇప్పుడా తుప్పు మిషను ఎందుకు?" అన్నాను.

"నాన్న ఒక్కసారి నన్ను మనిషిని పిలిచినట్టు పిలవాలే. అంతకంటే నాకేం వద్దు," అన్నాడు. ఆ గొంతు విన్నాక నేను నిచ్చెన పట్టుకున్నాను.

ఇక చూడండి, ఇల్లు పీకి పందిరేశాడు. బట్టలు కత్తిరించే బల్ల మీద మిషను భాగాలన్నీ విప్పి వరసగా పరిచి, ఒక్కోదాని చుట్టూ సుద్దతో గీతలు గీశాడు. అతుక్కుపోయిన పిస్టన్‌ను డీజిల్లో నానబెట్టి, చెక్కసుత్తితో బుజ్జగించి ఊడదీశాడు. మెకానిక్ సిలిండరు సాపుచేసి కొత్త రింగు వేసిచ్చాడు. పెట్రోలు వెళ్లే సన్నటి దారుల్లో మా ఆయనే దారం దూర్చి మురికి లాగాడు. స్టార్టు చేసే తాడు చివికిపోతే పైజామా బొందు కట్టాడు. ఒక్క లాగుకు అది పుటుక్కున తెగి, మా ఆయన వెళ్లి ఇస్త్రీ బట్టల గుట్టలో పడ్డాడు. ఈలోగా జాకెట్టు ఏదని వచ్చినవాళ్లకు సర్దిచెప్పలేక నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఒక ఆదివారం పొద్దున మిషనును పెరట్లోకి తెచ్చాడు. మెడలో టేపు అలాగే వేలాడుతోంది. మొద్దు మీద టీ తాగుతున్న మామగారు గ్లాసు కింద పెట్టి లేచారు.

"ఆయిలు కలిపావా?"

మా ఆయన తలూపాడు. మామగారు నమ్మితేగా! గోడ మీదుగా చూస్తున్న మెకానిక్ వైపు తిరిగారు.

"కలిపాడు పెద్దాయనా! నా కళ్లముందే కలిపాడు!" అన్నాడతను. ఆ పక్కింటివాళ్లు, ఈ పక్కింటివాళ్లు కూడా, అక్కడే ఉండి చూసినట్టు తలలూపారు.

మా ఆయన కొత్తగా వేసిన తాడు లాగాడు. దగ్గింది. మళ్లీ లాగాడు, మళ్లీ దగ్గింది. లాగగా లాగగా ఒక్కసారి భళ్లున అందుకుంది చూడండీ, వంటింట్లో గిన్నెలు గలగలలాడాయి! గోడ మీద చప్పట్లు. మామగారికి అదేం వినపడలేదు. దగ్గరికొచ్చి మిషను మీద అరచెయ్యి ఆనించి, అలాగే ఉంచారు.

మా ఆయన ఆ పాత కోతలోనే రంపం పెట్టాడు. మోత ఉంది, పొగ ఉంది, మొద్దు మాత్రం తెగదు. ఇస్త్రీపెట్టె మర్చిపోయినట్టు కమురు కంపు. మామగారు ఆపమని చెయ్యెత్తారు. మా ఆయన మొహం మాడిపోయింది.

మామగారు వంగి రంపం పళ్లుండే గొలుసు చూశారు. చూసి, పొట్ట పట్టుకుని నవ్వారు.

"తిరగేసి కుట్టావు కదరా!"

నిజమే. బట్ట మీద సుద్దగీతలు ఎప్పుడూ లోపలి వైపే గీస్తారు. ఆ అలవాటు కొద్దీ గొలుసును కూడా బోర్లా పరిచి, అలాగే ఎక్కించేశాడు. పళ్లన్నీ వెనక్కి చూస్తున్నాయి. ఇంకేముంది, ఇక మామగారే లాక్కుని బిగిస్తారు, మా ఆయన పక్కన నిలబడాలి, అనుకున్నాను. మామగారు మిషను పక్కనున్న స్పానరు తీసి కొడుకు ముందుకు చాపారు.

"నువ్వే విప్పు. పైన పళ్లు ముందుకు చూడాలి."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా.

ఈసారి మొద్దు వెన్నలా తెగింది. చీమలు చెల్లాచెదురయ్యాయి. మామగారు ఒక ముక్క నిలబెట్టి కూర్చున్నారు. రెండోదాన్ని కాలితో ముందుకు దొర్లించారు.

"కూర్చోరా అబ్బాయ్. అమ్మాయ్, ఇద్దరికీ టీ!"

నేను టీ తెచ్చేసరికి మెకానిక్ గోడ మీద చేతులాన్చి నవ్వుతున్నాడు.

"ఏమయ్యా పచ్చి పెట్రోలూ, ఇక నా షెడ్డు మూసెయ్యమంటావా?"

ఆ మాటను పెదాల మీద పట్టడం మామగారికంటే ఎవరికి తెలుసు? గ్లాసు పట్టుకునే విసురుగా లేచారు.

"ఎవడ్రా అది? మావాడికి పేరు లేదా?"

ఆ కేక వీధి చివరిదాకా వినపడే ఉంటుంది. మా ఆయన తల వంచుకుని టీ తాగుతున్నాడు. అతని గ్లాసులో ఇంకొంచెం పోశాను.