తొండి వదిన

పాత కర్టెన్ గుడ్డని అరచేయంత చదరాలుగా కత్తిరిస్తూ మా వదిన కనిపించిందంటే, ఆ సాయంత్రం ఎవరో పసివాళ్లకి ఘోరమైన అన్యాయం జరగబోతోందని అర్థం. మా వదిన తొండి చేస్తుంది. పిల్లలతో ఏ ఆట ఆడినా తొండే. సిగ్గుపడదు, దాచుకోదు, దొరికిపోతే కంగారు పడదు. ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నంత ధీమాగా చేస్తుంది.

మాది బట్టలు కుట్టే దుకాణం. ఇంటి ముందుగదే దుకాణం. కిటికీ పక్క మిషన్ ఆవిడది, తలుపు పక్కది నాది. కొలతలూ కత్తిరింపులూ ఆవిడ చూసుకుంటే, కాజాలూ గుండీలూ నేను చూసుకుంటాను. ఇద్దరం ఎవరి దగ్గరా పని నేర్చుకోలేదు. పాత బట్టల కుట్లు విప్పి చూసి నేర్చుకున్నాం. అందుకే మా గదిలో మాటలకన్నా కుట్టుకి మర్యాద ఎక్కువ.

పెళ్లయిన కొత్తలో మా అన్నయ్య సరదాపడి ఆవిడతో పాము-నిచ్చెన ఆడాడు. పై వరసలో ఉన్న పెద్ద పాము నోట్లో ఆవిడ కాయ పడింది. ఆవిడ దాన్ని కదపలేదు.

“కిందికి దిగాలి,” అన్నాడు అన్నయ్య.

“ఈ పాము నిద్రపోతోంది.”

“బొమ్మపాము నిద్రపోవడమేంటి?”

“బొమ్మపాము కరవడమేంటి మరి?”

ఆ తర్వాత మా అన్నయ్య ఇంట్లో ఏ విషయం మీదా వాదించిన గుర్తు లేదు.

ఇంకోసారి వీధి పిల్లలతో దాగుడుమూతలు. దొంగ ఈవిడే. పిల్లలంతా తలుపుల వెనకా, బట్టల మూటల కిందా ఊపిరి బిగబట్టుకుని దాక్కున్నారు. ఈవిడ కళ్లగుడ్డ విప్పేసి, లోపలికెళ్లి తీరిగ్గా టీ కాచుకుంది. ఎంతకీ ఎవరూ వెతకడానికి రాకపోయేసరికి పిల్లలు చెమటలు కక్కుకుంటూ ఒక్కొక్కరే బయటికి వచ్చారు.

“అందరూ దొరికారు,” అంది కప్పులోకి ఊదుకుంటూ.

ఇక గుడ్డముక్కల సంగతి. కొలతలివ్వడానికి వచ్చేవాళ్లు పిల్లల్ని వెంటబెట్టుకొస్తారు. వాళ్లు గుండీలు ముక్కుల్లో దూర్చుకోవడం, నా మిషన్ కింద దూరి నేను తొక్కుతుంటే చక్రం పట్టుకోవడం మామూలే. వాళ్లని ఒక చోట కూర్చోబెట్టడానికి మా వదిన ఆట ఒకటి కనిపెట్టింది. ఒక్కో గుడ్డముక్క మీద ఒక్కో మాట దారంతో కుట్టింది. ఆవు, ఏనుగు లాంటివి కాదు. అక్కడ, ఇక్కడ, కాదు, మళ్లీ, ఇంకా, ఎందుకు. ఇలాంటివి.

“బొమ్మ ఉంటే ఆవుని చదవక్కర్లేదు, చూస్తే చాలు. పుస్తకం నిండా కనిపించేవి ఇవే. వీటికి బొమ్మ ఎవరు గీస్తారు?” అంది.

ఒకే మాట రెండు ముక్కల మీద ఉంటుంది. అన్నీ నేల మీద బోర్లా పరవాలి. వంతు వచ్చినవాళ్లు రెండు ముక్కలు తిప్పాలి. రెండూ ఒకటే అయితే పైకి చదివి, తమ దగ్గర పెట్టుకోవాలి. అంతే ఆట. మా వదిన ఏ రెండు తిప్పినా ఒకటే అవుతాయి. ‘కాదు’, ‘మళ్లీ’ పక్కపక్కన పెట్టుకుని, “రెండూ మళ్లీనే,” అని ఒళ్లో వేసుకుంటుంది.

“తొండి! తొండి!” అని పిల్లలు పైకప్పు ఎగిరిపోయేలా అరుస్తారు.

“అరిస్తే కుదరదు. ఏం రాసుందో చదివి రుజువు చెయ్యండి,” అంటుంది. చదివితే ముక్కలు వాళ్లవి. లేకపోతే ఆవిడవి. ఆ గదిలో ఉన్న ఒకే ఒక్క చట్టం అది.

కాగితం మీద రాస్తే పోయేదానికి ఇంత కుట్టు దేనికని అడిగాను.

“కాగితం మడతపడుతుంది. మడత చూసి వెనకనుంచే ఏ ముక్కో కనిపెట్టేస్తారు. అప్పుడు పిల్లలు తొండి చేస్తారు. ఇక్కడ తొండి నాది.” అందుకే కుట్టు వెనక కనపడకుండా ఇంకో పొర వేసి, లోపల కాలర్లకి పెట్టే గట్టి గుడ్డ పెట్టేది. ఆ పని చూస్తే మాత్రం ఎవరూ ఆవిణ్ణి మోసగత్తె అనరు.

అలాంటి గదిలోకి గువ్వ వచ్చింది. పక్క కొట్లో తాళాలు బాగుచేసే ఆయన కూతురు. నోట్లోంచి మాట రాదని అందరూ పెట్టుకున్న పేరు అది. ఒకటో తరగతి పుస్తకం మొత్తం గడగడా చదివేస్తుందని వాళ్ల నాన్న వీధంతా చెప్పుకున్నాడు. తీరా సెలవుల ముందు టీచరమ్మ ఒక పేజీ మధ్యలో వేలుపెట్టి, ఇదేం మాట అని అడిగితే, గువ్వ పాఠం మొదటినుంచీ అందుకుంది. పుస్తకం తలకిందులుగా పెట్టినా అదే ధోరణి. ఎవరో చదువుతుంటే విని మొత్తం కంఠస్థం చేసేసింది, అంతే.

“సెలవులయ్యాక మళ్లీ అడుగుతాను. విడిమాటలు చదవగలిగితే రెండో తరగతి. లేకపోతే ఇంకో ఏడాది చిన్నపిల్లలతోనే,” అందట టీచరమ్మ. గువ్వకి ఉన్న ఒక్క స్నేహితురాలూ పై తరగతికి వెళ్లిపోతోంది. తాళాలాయన మొహం వేలాడేసుకుని వచ్చాడు.

“దీన్ని కాస్త నీ దగ్గర కూర్చోబెట్టుకో అక్కా.”

“ఆటకైతే కూర్చోబెట్టుకుంటాను తమ్ముడూ. చదువు నాకు తెలీదు.”

మొదటి ఆటలో మా వదిన అన్ని ముక్కలూ గెలుచుకుంది. రెండో ఆటలోనూ అంతే. గువ్వ ఒక్కసారీ తొండి అనలేదు. వాళ్ల నాన్న పెద్దవాళ్లకి ఎదురు చెప్పకూడదని పెంచాడు. ‘లేదు’ని చూపించి మా వదిన ‘ఎందుకు’ అన్నా, ఆ పిల్ల తల ఊపి, తన వంతుకోసం చేతులు కట్టుకుని కూర్చునేది. జీవితంలో మొదటిసారి మా వదినకి గెలుపు రుచించలేదు.

దాంతో రెచ్చిపోయింది. ముక్కల మీద కూర్చునేది. గువ్వ వంతు తనే ఆడేసి, “నీ తరఫున నేనే ఓడిపోయాన్లే,” అనేది. తుమ్మినట్టు నటించి ముక్కల్ని కొంగులో దోపుకునేది. గువ్వ “పర్లేదండీ అత్తయ్యా,” అనేది. అది విని మిషన్ ఆపి నవ్వడం నా వంతు.

తాళాలాయన గుమ్మంలోంచి చూసి, తట్టుకోలేక లోపలికి వచ్చాడు. “ఏంటక్కా ఇది? చదువు రాకపోతే పోనీ, పిల్లకి మోసం నేర్పుతున్నావా?”

“మోసం నేను చేస్తున్నాను. అది నేర్చుకోవట్లేదు. అదే నా బాధ.”

“పెద్దవాళ్లు ఇలా ఉంటే...”

“ఇదిగో తమ్ముడూ, నువ్వు తాళం తీసేప్పుడు నేనొచ్చి పక్కన నిలబడి సలహాలు చెప్తానా?”

ఆయన వెళ్లిపోయాడు. నేనూ కాజాలు కుడుతూనే అనుకున్నాను, ఈసారి వదిన శ్రుతి మించిందని. కానీ చెయ్యి కాజాలు కుడుతున్నా, ఎదురుగా జరిగేది చూడ్డం నా కళ్లకి అలవాటు. ఆవిడ తొండి అన్ని ముక్కల మీదా లేదు. ‘ఇంకా’ దగ్గర చెయ్యదు, అది గువ్వకి నీళ్లలా వచ్చేసింది. ‘ఎందుకు’ దగ్గరా మానేసింది, అది బొత్తిగా రాదు. ఎప్పుడూ ‘అక్కడ’, ‘ఇక్కడ’ల దగ్గరే చేస్తోంది. నిన్న గువ్వ పెదాలు కదిపి, తడబడి, ఆగిపోయింది ఆ రెండింటి దగ్గరే.

“వదినా, ఏరి ఏరి చేస్తున్నావు,” అన్నాను, పిల్ల మంచినీళ్లకి లేచినప్పుడు.

“గట్టిగా అనకే. బొత్తిగా రాని మాట మీద చేస్తే పిల్ల నమ్మేస్తుంది. బాగా వచ్చిన మాటైతే విసుగుపుడుతుంది. సగం వచ్చిన మాట మీద చెయ్యాలి. అప్పుడే ఒళ్లు మండుతుంది.”

“అయితే ఇన్నాళ్లూ పిల్లలందరితో ఇలాగేనా?”

“కొలత తీసుకోకుండా కత్తెర పెడతానా ఎప్పుడైనా?”

“మరి మా అన్నయ్యతో పాము-నిచ్చెన?”

“అది తొండే,” అంది.

గువ్వ తిరిగొచ్చి కూర్చుంది. మా వదిన ‘అక్కడ’ తిప్పింది, ‘ఇక్కడ’ తిప్పింది. “రెండూ అక్కడే!” అని ఒళ్లో వేసుకుని, గువ్వ గెలుచుకున్న ఒకే ఒక్క జతని కూడా చల్లగా తనవైపు లాక్కుంది.

గువ్వ చెవులు కందిపోయాయి. “అత్తయ్యా, మీరు పొరపాటు పడ్డారేమో,” అంది, దారం తెగినంత చిన్నగా.

“నేనా? నేను పొరపాటు పడను. చదివి రుజువు చెయ్యి.”

గువ్వ ఒంగి, ఒక ముక్క మీద కుట్టు వెంబడి వేలు నడిపింది. “అ... అక్కడ.” రెండోదాని మీదా నడిపింది. “ఇక్కడ. ఇది ఇక్కడ! రెండూ ఒకటి కావు! మీ ఒళ్లో ఉన్నది ‘కాదు’, దాని పక్కది ‘మళ్లీ’, అవి కూడా జత కాదు! తొండి! అంతా తొండి!”

గోడ అవతల సుత్తి ఆగింది. తాళాలాయన చేతిలో ఆకురాయితో పరిగెత్తుకొచ్చాడు. “ఏయ్! పెద్దవాళ్లని అలా అంటావా?”

“నువ్వుండు నాన్నా,” అంది గువ్వ, మా వదిన కొంగు విప్పుతూ. ఒక్కో ముక్కా బయటికి లాగి, చదివి, తనవైపు పెట్టుకుంటోంది. ఆయన అప్పుడు చూశాడు. కూతురి ముందు పుస్తకం లేదు, పాఠం లేదు, మొదలూ చివరా లేవు. నేల మీద కూలబడి, వినసాగాడు.

మా వదిన ఓడిపోయింది. “ఈ పిల్లతో ఇక ఆడను,” అంది. ఆ మొహంలో అంత వెలుగు నేను ఎప్పుడూ చూడలేదు.

సెలవులయ్యాక టీచరమ్మ మళ్లీ వేలుపెట్టి అడిగింది. గువ్వ అడిగినవన్నీ చదివేసి, “ఇప్పుడు మీరు తప్పు చెప్పండి టీచర్, నేను పట్టుకుంటాను,” అందట. ఆ మాటకి టీచరమ్మ పిల్లని రెండో తరగతిలో కూర్చోబెట్టి, ఆ సాయంత్రమే మా గుమ్మంలోకి వచ్చింది. ఒకటో తరగతి మొత్తానికి సరిపడా ముక్కలు కావాలంది.

కుట్టాల్సిన బట్టలన్నీ పక్కన పెట్టి ఇద్దరం కూర్చున్నాం. మాటలు ఆవిడ కుట్టింది, అంచులు నేను కుట్టాను. ముక్కలు వేసే సంచీకి కట్టమని, తాళాలాయన తన పనిముట్ల సంచీకి వేసే గట్టి తాడు తెచ్చిచ్చాడు. టీచరమ్మ వచ్చే సమయానికి చివరి దారం కొసని మా వదిన పళ్లతో తెంపి, ముక్కలన్నీ సంచీలో సర్ది ఆవిడ చేతిలో పెట్టింది.

“ఎలా ఆడించాలో కాస్త చెప్తారా?” అంది టీచరమ్మ.

“ఆట గువ్వ చెప్తుంది. మీరు నేర్చుకోవాల్సింది తొండి ఒక్కటే.”

“అయ్యో, నాకు అబద్ధం రాదండీ. మొహంలో తెలిసిపోతుంది.”

“మరీ మంచిది. పిల్లలకి తొందరగా దొరుకుతారు.”

టీచరమ్మ సంచీ భుజానికి తగిలించుకుని మెట్లు దిగింది. వీధిలోకి వెళ్లబోతూ ఆగి, వెనక్కి తిరిగింది. “ఇందులో ఒక ముక్క తక్కువుందండీ,” అంది గంభీరంగా. మొహమంతా ఎర్రబడిపోయింది.

“లేదే! నేనే సర్దానుగా,” అంది మా వదిన.

“అలవాటు చేసుకుంటున్నానండీ,” అని సంచీని గుండెకి అదుముకుని, చకచకా నడిచి వెళ్లిపోయింది.