చిప్ మూలన ఉప్పాడ పువ్వు

మాది ఉప్పాడ. నాన్న జాంధానీ చీరలు నేస్తారు. నేను ఎం.టెక్.లో ఎలక్ట్రాన్ కిరణంతో సిలికాన్ ముక్క మీద కంటికి ఆనని గీతలు గీయడం నేర్చుకున్నాను. ఎన్నో ముక్కలు పాడుచేశాక ఒక నమూనా కుదిరింది. ఆ సంతోషంలో దాని మూలన నాన్న నేసే పువ్వొకటి గీశాను. ఆ సంగతి ఒక్క ప్రసాదన్నయ్యకే చెప్పాను. ఆయన ల్యాబ్‌లో నా సీనియర్, మా పక్క ఊరివారే.

తర్వాత రాజమండ్రిలో సెమినార్ జరిగింది. ఆయన మాట్లాడుతుంటే ల్యాప్‌టాప్ దగ్గర కూర్చుని స్లైడ్లు మారుస్తున్నాను. తెర మీదికి నా నమూనా ఫొటో వచ్చింది.

"ఇది పూర్తిగా నేను చేసిందండి," అన్నారాయన.

నోరు జారారేమో అనుకుని పువ్వు కోసం చూశాను. సరిగ్గా ఆ మూల మేరకు ఫొటో కత్తిరించి ఉంది.

"తర్వాతి స్లైడ్ వెయ్యమ్మా," అన్నారు, ఎప్పటిలాగే ఆప్యాయంగా.

వేశాను.

ఆ మూల కత్తిరించడానికి ఆయనకు చేతులెలా వచ్చాయో ఇప్పటికీ అర్థం కాదు. నేను మాత్రం ప్రతి నమూనాలో ఆ పువ్వు గీస్తూనే ఉన్నాను. కాకపోతే మూలన కాదు, నట్టనడుమ.