అప్పన్న మార్చిన గుర్తుకర్రలు

పెద్ద తుఫాను విశాఖను ఊడ్చుకుపోయిన మరుసటి ఏడు జూన్‌లో నన్ను అక్కడ ఫారెస్ట్ రేంజ్ అధికారిగా వేశారు. పెందుర్తి దాటి సబ్బవరం వెళ్ళే దారిలో ఒక బోడికొండ నా రేంజిలోకి వచ్చింది. కట్టెల కోసం ఏళ్ళ తరబడి నరికిన కొండ అది. మిగిలిన నాలుగు చెట్లనూ గాలి తీసుకుపోయింది. దాన్ని మళ్ళీ అడవి చేయమని ఆర్డరు. బయటివాళ్ళకు అడవి పెంచడమంటే మొక్కలు నాటడమే. నిజం చెప్పొద్దూ, అప్పటికి నాకూ అంతే.

పని పద్ధతి ఇలా ఉంటుంది. వరసలుగా గోతులు తవ్వి, వానలు పడగానే నర్సరీ మొక్కలు పెడతాం. ఒక్కో మొక్క పక్కన నడుమెత్తు వెదురు గుర్తుకర్ర పాతుతాం. ఏ వరసలో ఏ జాతి పెట్టామో ప్లాంటేషన్ జర్నల్‌లో రాస్తాం. మూడో ఏడు వేరే డివిజన్ నుంచి ఒక అధికారి వచ్చి, జర్నల్ చేత పట్టుకుని, బతికినవెన్నో లెక్కపెడతాడు. దాన్ని మదింపు అంటాం. బతికినవి సగానికన్నా తగ్గితే తోట విఫలమైనట్టు. అప్పుడు యంత్రం తెచ్చి కొండను మళ్ళీ తవ్వి, మళ్ళీ నాటాలి. కాపలా మనిషిని కూడా మార్చేస్తారు.

ఆ కాపలా మనిషి అప్పన్న. కొండ కింది ఊరివాడే, యాభై దాటినవాడు. కౌలుకు చేసుకునే పొలం కాలనీ ప్లాట్లయిపోయాక మా దగ్గర వాచర్‌గా చేరాడు. నేరేడు, కానుగ, ఉసిరి మొక్కలు నర్సరీలో నేను దగ్గరుండి పెంచినవి. వాటి మీద నాకు కాస్త పొగరు కూడా ఉండేది. నెలకోసారి వచ్చి, కొండ మొదట్లో జీపు ఆపి పైకి చూసేవాణ్ణి. కర్రలు కనిపించేవి, పచ్చగానే ఉండేది. జర్నల్‌లో సంతకం పెట్టి వెళ్ళిపోయేవాణ్ణి. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది.

మదింపుకు వచ్చినాయన నాకన్నా పై హోదా, మాట పొదుపు మనిషి. మొదటి వరసలో రెండో గోతి దగ్గరే ఆగిపోయారు. గొయ్యి ఖాళీ. మూడోదీ ఖాళీయే. దాని కర్ర మాత్రం నాలుగడుగుల అవతల, జర్నల్‌లో పేరే లేని తునికి మొక్క పక్కన నిలబడి ఉంది. తర్వాతి కర్ర ఒక రేల మొక్క దగ్గర ఉంది.

“మీ నేరేళ్ళు నడిచెళ్ళి తునికి మొక్కలయ్యాయా, రేంజర్ గారూ?” అన్నారాయన. ముఖంలో నవ్వు లేదు.

నాకు తల కొట్టేసినట్టయింది. లెక్క నింపడానికి కర్రలు మార్చడమంటే మా శాఖలో మోసమే. అందరి ముందే అప్పన్న మీద విరుచుకుపడ్డాను. అతను తలగుడ్డ తీసి భుజాన వేసుకుని, నా అరుపులు అయ్యేదాకా ఆగాడు.

“పాతినయ్యి తొలేసవికే సచ్చిపోనాయి బాబూ. ఇయ్యి పాత మోళ్ళ ఏర్లనుంచి ఆటికవే లేసినాయి. కర్రుంటే గవర్నమెంటు మొక్కని మేకల్ని రానివ్వరు. కర్ర నేకపోతే అడివి మొక్కని మేతకి ఒదిలేత్తారు. అందుకే కర్రలు ఈటికి పెట్టినాను.”

నాకెందుకు చెప్పలేదని అడిగాను. “మీరెప్పుడూ పైకి రానేదు కద బాబూ” అన్నాడు. తప్పు పట్టినట్టు కూడా లేదు ఆ గొంతులో.

మదింపుకు వచ్చినాయన అంత తేలిగ్గా నమ్మే మనిషి కాదు. ఏటవాలులో మేకలు కాస్తున్న పైడమ్మను పిలిపించి అడిగారు. “కర్రున్నదాన్ని మేక ముట్టుకుంటే అప్పన్న బావ ఊర్లో నలుగురి ముందరా నిలబెట్టేత్తాడు. కర్ర నేనిదాన్ని ఎవులడుగుతారు?” అందామె. ఆయన అక్కడే నిలబడి చుట్టూ చూశారు. కర్ర ఉన్న తునికి నా భుజం దాకా ఉంది. పదడుగుల దూరంలో కర్ర లేని తునికి చీలమండ ఎత్తున, మేకలు కొరికిన పుల్లగా మిగిలింది. మట్టి ఒకటే, వాన ఒకటే. వెదుర్లు చాలనిచోట అప్పన్న తాటిమట్టలు చీల్చి పాతాడు. ఆ రోజు తిరిగినంత మేరా లెక్కపెట్టాం. వాటంతటవే లేచి, కర్ర నీడన బతికినవి, నేను నాటించి బతికినవాటికి ఎన్నో రెట్లున్నాయి.

కొండ దిగాక ఆయన ఒక దారి చూపించారు. చచ్చిన మొక్క చోట కొత్తది నాటడానికి రూలు ఒప్పుకుంటుంది, దాన్ని ఖాళీల భర్తీ అంటాం. తునికి, రేలలన్నీ అలా నాటినవేనని ఒక్క ముక్క రాస్తే తోట పాసవుతుంది, అప్పన్న పనీ నిలుస్తుంది. మంచి మనసుతోనే అన్నారు. నేను కాసేపు ఊగిసలాడాను. కానీ అలా రాస్తే సొమ్మొకడిది, సోకొకడిది అవుతుంది. పైగా నా నర్సరీ గెలిచిందనుకుని, పక్క కొండ మీద కూడా బతికున్న వేళ్ళను యంత్రంతో పెళ్ళగించి నా నేరేళ్ళే నాటిస్తారు.

నాటినవి సగం కూడా బతకలేదని రాశాను. పైకి వెళ్ళకుండా సంతకాలు పెట్టానని కూడా రాశాను. దాని కింద చేత్తో గళ్ళు గీసి, వాటంతటవే లేచినవాటిని కర్ర ఉన్నవి, లేనివి అని ఎత్తులతో సహా వేరుగా చూపించాను. యంత్రం పంపవద్దని, ఇదే మనిషిని కొనసాగించమని కోరాను. ఆయన రెండుసార్లు చదివి, కింద తన సంతకం చేశారు.

సంజాయిషీ మెమో నాకు వచ్చింది. ప్రమోషన్ వెనక్కి పోయింది. యంత్రం మాత్రం కొండెక్కలేదు, అప్పన్న పనీ పోలేదు. నేను రిటైరయ్యేలోగా మా డివిజన్ మదింపు కాగితంలో ‘వాటంతటవే లేచినవి’ అని ఒక గడి చేరింది. ఇప్పుడు సబ్బవరం బస్సులో ఆ దారిన వెళితే కొండ మీద రాయి కనిపించదు. కర్రలను ఎప్పుడో చెదలు తినేశాయి. అయినా పైడమ్మ వాళ్ళ మేకలు కింది బీడు దాటి పైకి రావు. నా ఉద్యోగంలో నేను గర్వపడే కాగితం ఆ విఫలమైన తోట కాగితమే. ఈ గర్వాన్ని దాచుకోను.

అడవి మళ్ళీ లేచిందా అని చూడాలంటే ఎన్ని నాటారన్నది చివర అడగాల్సిన ప్రశ్న. ఊరు దేని మీద చెయ్యి వేయడం మానేసిందో ముందు అడగాలి. కొత్త అధికారులు ఎవరైనా వచ్చి సలహా అడిగితే, జర్నల్ తెరిచేముందు వాచర్‌తో కలిసి కొండెక్కమంటాను. కర్ర ఎక్కడ పాతావు, అక్కడే ఎందుకు పాతావు అని అడగమంటాను. అడిగిన రోజే అప్పన్న నాకు చెప్పాడు. నేనే రెండేళ్ళు అడగలేదు.