విరిగిన ఎద్దు కాలికి మా తండా తీర్పు

దొర గడి విడిచి పారిపోయిన ఏడు, తన గడ్డివాము మేసిందని పక్కింటాయన రాయి విసిరితే మా ఎద్దు కాలు విరిగింది. అది జొన్న విత్తే అదును. ఒంటెద్దుతో నాగలి సాగదు. అంతకుముందు గడికి పోతే తగువు పడ్డ ఇద్దరికీ దెబ్బలే. ఈసారి మా లంబాడీ తండా నాయకుడే పంచాయితీ పెట్టి, పక్కింటాయనకు తీర్పు చెప్పాడు.

"నీ ఎడ్లతోటి ముందుగాల వాళ్ల చేను విత్తు. ఎన్కనే నీది."

"నా అదును పోతది గదా, నాయకా!"

మా అమ్మ లేచింది. "రాయి ఇసిరేటప్పుడు యాదికి రాలేదా అదును? నీ చేన్ల సుత నేను, నా బిడ్డ గింజలేస్తం. నడువు!"

రెండు చేలూ విత్తాం. దారిలో రాలిన గింజ ఒక్కటి కూడా నేను వదల్లేదు. వాన పడిన వారానికి పక్కింటాయనే కేకేశాడు, "వదినా, రెండూ మొలిసినయ్!"

గడిలో అన్ని దెబ్బలు తిన్నాం, ఒక్క గింజ మొలిచిందా?