మేమంత స్పీడుగా వాయించలేదు

ఆటోనగర్‌లో జయపాల్ వీల్ అలైన్‌మెంట్ షాపుకి వచ్చే డ్రైవర్లందరికీ ఆయన మీద ఒకటే ఫిర్యాదు. బండి వదిలిపెట్టడు. "చాల్లే సార్, బానే ఉంది" అని వాళ్ళు మొత్తుకుంటున్నా ఇంకోసారి చూసి, ఇంకోసారి బిగించి, తనకి తృప్తి కలిగితేగాని తాళంచెవి చేతికివ్వడు. అరవై దాటినా ఆ చాదస్తం తగ్గలేదు. గిటారు వాయించిన రోజుల్లోనూ ఇంతే. స్టేజీ మీద తీగలు శ్రుతి చేసుకుంటూ కూర్చుంటే జనం ఈలలు వేసేవారు. తల ఎత్తితే ఒట్టు.

అలాంటి మనిషి దగ్గరికి, రోడ్డు మీద తారు కరుగుతున్న ఒక మే నెల మధ్యాహ్నం, సింధూరి అనే అమ్మాయి స్కూటీ మీద వచ్చింది. చంకలో పెద్ద చదరపు అట్ట కవరు.

"జయపాల్ గారంటే మీరేనాండీ? రైవస్ బ్యాండ్ జయపాల్ గారు?"

ఆ పేరు బయటివాళ్ళ నోట విని ఎన్నేళ్ళయిందో. జయపాల్ చేతులు తుడుచుకోవడం మర్చిపోయి అలాగే చూస్తూ నిలబడ్డాడు.

రైవస్ కాలువ గట్టున ఒక ఖాళీ గోడౌనులో ప్రాక్టీసు చేసేవాళ్ళు కాబట్టి బ్యాండుకి ఆ పేరు పెట్టుకున్నారు. జయపాల్ గిటారు, అబ్రహాము పాట, బాలశౌరి డ్రమ్స్. బేసు గిటారుకి ఎప్పటికప్పుడు ఎవరో ఒకరు దొరికేవారు. అందరూ సినిమా పాటలు వాయిస్తుంటే వీళ్ళు సొంతంగా తెలుగులో రాసుకుని, రాక్ బాణీలు కట్టుకుని, కాలేజీ ఫంక్షన్లలో, క్రిస్మస్ సభల్లో వాయించేవారు. సగం మంది చెవులు మూసుకునేవారు. మిగతా సగం మంది కుర్చీలెక్కి ఎగిరేవారు. క్యాసెట్ వేద్దామనుకుంటూనే కొన్నేళ్ళు గడిచిపోయాయి. ఇంతలో బాలశౌరి కామెర్లు ముదిరి, పెళ్ళయినా కాకుండానే పోయాడు. ఆ తర్వాత గోడౌను తలుపు తియ్యడానికి ఎవరికీ మనసొప్పలేదు. బాలశౌరి చెల్లెలు కృపే జయపాల్ భార్య.

సింధూరి కవరులోంచి నల్లటి వినైల్ రికార్డు తీసింది. "ఇది మీదే కదండీ? ఇందులో పాడినాయన అబ్రహాము గారని మా చర్చిలో పెద్దాయన గుర్తుపట్టాడు. అబ్రహాము గారిని అడిగితే మీ షాపు చెప్పారు."

జయపాల్ అట్ట మీది బొమ్మ చూశాడు. కొబ్బరిచెట్లు, మధ్యలో ఇల్లులాంటి పడవ. "ఇది కేరళ కదమ్మా!"

"అవునండీ. ఇది వేసినవాళ్ళకి అన్నీ ఒకటే."

"పేరేంటి, రైవల్స్ అనుంది?"

"వాళ్ళకి దొరికిన క్యాసెట్ మీద ఇంగ్లీషులో రాసింది అలా చదువుకునుంటారు."

"ఇంతకీ ఎవరు వేశారు దీన్ని?"

"తెలీదండీ. యూరప్‌లో ఎవరో. బూట్‌లెగ్ అంటారు వీటిని. ఎవరివో లైవ్ ప్రోగ్రాముల టేపులు సంపాదించి, ఎవర్నీ అడక్కుండా రికార్డులు కొట్టేస్తారు. పేరూ అడ్రసూ ఏవీ ఉండవు. నేను ఊరికే కొత్త మ్యూజిక్ కదా అని తెప్పించుకున్నా. ప్లే చేస్తే తెలుగు! మా బ్యాండోళ్ళందరం పిచ్చెక్కిపోయాం అంకుల్."

అండీ నుంచి అంకుల్‌లోకి ఎప్పుడు దిగిందో ఆ అమ్మాయే గమనించలేదు. జయపాల్ ఆ సాయంత్రం తొందరగా షట్టరు దించేశాడు.

ఇంటి దగ్గర సింధూరి తన రికార్డు ప్లేయరు బల్ల మీద పెట్టింది. కృప పొయ్యి ఆపేసి వచ్చి, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ముల్లు ఆనించగానే జనం గోల, వెనక జనరేటరు మోత, ఆ మోతలోంచి డ్రమ్స్.

"అన్నయ్య" అంది కృప.

మొదటి పాట పరవాలేదు. రెండోదానికి జయపాల్ కనుబొమ్మలు ముడిపడ్డాయి. మూడో పాటలో అబ్రహాము గొంతు బిగుసుకున్నట్టుంది. రికార్డు తిరగేశాక మరీ అన్యాయం. చివరి పాట 'లాకులెత్తారు' వచ్చేసరికి ఎవరో వెనకపడి తరుముతున్నట్టు వాయిస్తున్నారు అందరూ. ఆంబోతులా రంకె వేసే అబ్రహాము సండేస్కూలు పిల్లాడిలా కీచుమంటున్నాడు. కృప ఏడుస్తోంది, నవ్వుతోంది. జయపాల్ మాత్రం లేచి నిలబడ్డాడు.

"ఇది మేం కాదు."

"మీరే అంకుల్!"

"మేమే, కానీ మేమంత స్పీడుగా వాయించలేదు. ఆ స్పీడులో నా వేళ్ళు ఆడవు. అప్పుడూ ఆడవు."

సింధూరి మొహం చిన్నబోయింది. "అందరూ మెచ్చుకునేది దాన్నే కదా అంకుల్. ఒక్కో పాటకీ వేగం పెంచుకుంటూ పోయారంట, వరద పెరిగినట్టుగా కచేరీని కట్టారంట. నెట్‌లో ఎంత పెద్ద పెద్ద వ్యాసాలు రాశారో."

"వరదా లేదు, బురదా లేదు" అన్నాడు జయపాల్.

మర్నాడే వన్ టౌన్‌కి వెళ్ళాడు. తోపుడుబళ్ళ మధ్య దారి చేసుకుంటూ సందులోకి వెళ్తే, కాశిం మైక్‌సెట్ కొట్టు ఇప్పటికీ అక్కడే ఉంది. రైవస్ బ్యాండ్ ఎక్కడ వాయించినా స్పీకర్లు కాశింవే. వెనకున్న జనరేటరు మోతను బట్టి అది హనుమాన్ జంక్షన్‌లో చర్చి స్కూలు మైదానంలో వాయించిన క్రిస్మస్ కచేరీ అని జయపాల్ అప్పటికే పోల్చుకున్నాడు. సంగతంతా విని కాశిం తడుముకోకుండా చెప్పాడు.

"అవును భాయ్, నేనే రికార్డు చేశా. కరెంటు పోయింది కదా ఆరోజు. జనరేటరు మీకూ లైట్లకూ బొటాబొటి. అందుకని నా టేప్‌రికార్డరు సెల్సు మీద నడిపా."

జయపాల్ కుర్చీలో ముందుకి వంగాడు. "కొత్త సెల్సేనా?"

"కొత్తవెక్కడివి? అంతకుముందు నూజివీడు పెళ్ళిలో వేసినవే."

జయపాల్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు. సెల్సు నీరసించేకొద్దీ టేపు నెమ్మదిగా తిరిగింది. నెమ్మదిగా తిరిగిన టేపుని తర్వాత మామూలుగా వేస్తే అందులోని పాట పరిగెత్తుతుంది. మొదటి పాటకి కాస్త ప్రాణమున్న సెల్సు, చివరి పాటకొచ్చేసరికి చావుబతుకుల్లో ఉన్నాయి. వరదంటే అది.

"మరి టేపు యూరప్‌కి ఎలా పోయింది?"

"కొట్టు వెనక గది ఖాళీ చేసినప్పుడు పాత క్యాసెట్లు కావాలని ఒకాయనొచ్చాడు. పెట్టెలకి పెట్టెలు నేనే మోసి ఆటోలో పెట్టా." కాశిం నవ్వాపుకోలేకపోయాడు. "మీ పాట విజయవాడలోనే ఎవడూ విన్లేదు, ఇప్పుడు దేశాలు దాటిపోయింది. సంతోషించక నా మీదకొస్తావేంటి జయపాలూ?"

జయపాల్ కుర్చీలోంచి లేచాడు. తిట్టడానికి దొంగ కళ్ళముందు లేడు. కళ్ళముందున్నవాడు దొంగ కాడు.

సింధూరి చేత ఆ వ్యాసాల కింద ఇంగ్లీషులో రాయించాడు. నేను ఆ బ్యాండులో గిటారు వాయించినవాణ్ణి, ఆ స్పీడు మాది కాదు, టేప్‌రికార్డరులో సెల్సు అయిపోయాయి. జవాబులు వచ్చాయి. ఒకతను పగలబడి నవ్వే బొమ్మలు పెట్టాడు. ఒకామె ఇంత మంచి జోకు ఈ మధ్య చదవలేదంది. ఇంకొకాయన, మీరే ఆ గిటారిస్టు అనడానికి రుజువేంటని మర్యాదగా అడిగాడు. జయపాల్ ఇల్లంతా వెతికితే, చేతిలో గిటారుతో ఉన్న పాత ఫొటో దొరికింది. అందులో బ్యానరు గాలికి మడతపడి పేరు కనబడలేదు. అయినా పెట్టించాడు. ఆ పెద్దమనిషి, ఇది ఎవరైనా కావచ్చు కదండీ అన్నాడు.

"పోనీ అంకుల్, మనమే సరిచేద్దాం" అంది సింధూరి. "ల్యాప్‌టాప్‌లో ఎంత కావాలంటే అంత తగ్గించొచ్చు. ఎంత తగ్గించాలో మీరు చెప్పండి చాలు."

అక్కడ మొదలైంది అసలు గొడవ. ఎంత?

గిటారు శ్రుతిని బట్టి తేల్చేద్దామనుకున్నాడు జయపాల్. తీరా చూస్తే ఆ రోజుల్లో వాళ్ళు శ్రుతి పెట్టుకున్నది పుస్తకం ప్రకారం కాదు, అబ్రహాము గొంతు ప్రకారం. చలికాలం ఆ గొంతు ఏ రోజుకారోజు ఒక్కోలా ఉండేది. కాబట్టి అబ్రహామునే పిలిపించారు. ఇప్పుడాయన చర్చిలో క్వయర్ నడుపుతాడు. ఆదివారం ఆరాధన అయ్యాక తెల్ల చొక్కాతో సరాసరి వచ్చేవాడు.

"ఇంకా పైన ఉండాలిరా" అనేవాడు అబ్రహాము. "నా గొంతు అంత బొంగురుగా ఉండేది కాదు."

"నీ గొంతు నీకేం తెలుసురా? ఎదురుగా నిలబడి విన్నవాణ్ణి నేను."

"నువ్వెప్పుడు విన్నావ్? నీ గిటారు తప్ప నీకింకేదన్నా వినపడిందా?"

సింధూరి ఒకరి మాట విని పెంచేది, ఒకరి మాట విని తగ్గించేది. అలా ఆదివారాలు గడిచిపోతున్నాయి, మొదటి పాట కూడా తెమల్లేదు. ఒకరోజు మాటామాటా పెరిగి అబ్రహాము బైబిలు చంకలో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళిపోయాడు.

అప్పుడు కృప వంటింట్లోంచి వచ్చింది. చేతిలో టీ కప్పుల పళ్ళెం. దాన్ని టక్కున బల్ల మీద పెట్టింది.

"మీరిద్దరూ కొట్టుకుంటుంటే టీలు పెట్టడమేనా నా పని? నన్నొక్కమాట అడిగారా?"

"నీకేం తెలుస్తుంది కృపా, శ్రుతి సంగతి?"

"శ్రుతి నాకు తెలీదు. మా అన్న నాకు తెలుసు. పాటకీ పాటకీ మధ్య వాడు మైకులో ఏదో అంటున్నాడు చూడండి. అది పెట్టమ్మా సింధూరీ."

ఇన్నాళ్ళూ పాట మొదలయ్యేదాకా జరిపేసుకుంటూ పోయిన చోటు అది. సింధూరి వెనక్కి జరిపింది. జనం గోల మధ్య బాలశౌరి గొంతు, చిలక పలికినట్టు సన్నగా: "ఎవరన్నా కాసిని మంచినీళ్ళిప్పించండయ్యా, పుణ్యముంటుంది."

"తగ్గించు" అంది కృప. సింధూరి తగ్గించింది. "ఇంకొంచెం. ఇంకా. అబ్బ, అంత కాదు, అది మా నాన్న గొంతు. కొద్దిగా పెంచు..."

ఆమె కళ్ళు మూసుకుని వింటోంది. గుమ్మంలో అబ్రహాము చెప్పులు వేసుకోవడం మానేసి నిలబడ్డాడు.

"ఆగు. ఇదే. ఇది మా అన్న."

సింధూరి అదే కొలతలో పాటని వదిలింది. డ్రమ్స్ నింపాదిగా, భుజాలు ఊపుకుంటూ నడిచొచ్చే మనిషిలా వచ్చాయి. వాటి మీద జయపాల్ గిటారు ఏ తీగకా తీగ విడిగా, శుభ్రంగా మోగింది. అబ్రహాము గొంతు నిండుగా ఉంది, కాస్త బొంగురుగానే. ఆయన వెనక్కి వచ్చి కూర్చుని, చల్లారిపోయిన టీ తాగేశాడు. "సరేరా, నువ్వే గెలిచావ్" అన్నాడు. జయపాల్ ఆ మాట వినిపించుకోలేదు. పక్కనే ఉన్న కృప చేయి పట్టుకుని ఉన్నాడు.

అలా పాట తర్వాత పాట సరైంది. బాలశౌరి మధ్యమధ్యలో కాశింని కసిరాడు, ఎవరికో క్రిస్మస్ శుభాకాంక్షలు చెప్పాడు, జయపాల్‌ని చూసి "శ్రుతి అయిందా బాబూ, తెల్లారిపోతోంది" అని జనాన్ని నవ్వించాడు. ఏ మాట ఎంతలో ఉండాలో కృప పట్టి ఇచ్చింది. 'లాకులెత్తారు' ఒక్కటే మిగిలిపోయింది. దానికి ముందు బాలశౌరి ఏమీ మాట్లాడలేదు, వెంటనే కర్రలు ఆడించేశాడు. పాట సగంలోనే సెల్సు పూర్తిగా చచ్చి టేపు ఆగిపోయింది.

సరిచేసిన పాటల్ని సింధూరి నెట్‌లో పెట్టింది, రైవస్ అని సరైన పేరుతో, అందరి పేర్లతో. జయపాల్ షాపులో పని మధ్య ఫోను తీసి చూసేవాడు. విన్నవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. వాళ్ళలోనూ ఒకడు, అసలు రికార్డుని ఎవరో పాడుచేశారని తిట్టాడు. ఇంకొకడు నిద్రొస్తోందన్నాడు. ఆ నెలలోనే దొంగ రికార్డు రెండోసారి అచ్చయింది, ఈసారి ఎర్రరంగులో. పడవ బొమ్మ అలాగే ఉంది.

సింధూరి వాళ్ళ బ్యాండు బెంజి సర్కిల్ దగ్గర ఒక హాల్లో ప్రోగ్రాం పెట్టుకుని జయపాల్‌ని ముందు వరసలో కూర్చోబెట్టింది. చివర్లో 'లాకులెత్తారు' ఎత్తుకున్నారు. దొంగ రికార్డు స్పీడులోనే. ఆ పిల్లల వేళ్ళు నిజంగానే అంత స్పీడుగా ఆడాయి. హాలంతా లేచి ఊగిపోయింది. జయపాల్ కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాడు. అయ్యాక సింధూరి చెమటలు కక్కుకుంటూ పరిగెత్తుకొచ్చింది.

"ఎలా ఉంది అంకుల్?"

"నువ్వు కూడానా అమ్మా? అన్నీ దగ్గరుండి సరిచేసిన దానివి..."

ఆ అమ్మాయి తల దించుకుంది, కానీ అబద్ధం చెప్పలేదు. "ఈ స్పీడు సరైంది కాదని తెలుసంకుల్. కానీ నాకు మొదట వినగానే నచ్చింది ఇలాగే. ఏం చెయ్యను?"

ఆయన లేచి బయటికి నడిచాడు. ఆటోలో ఇంటికొచ్చేదాకా పళ్ళు కొరుకుతూనే ఉన్నాడు.

కృపకి ఇప్పుడు ఆ గొడవేమీ పట్టదు. పాటలన్నీ ఫోనులో వేయించుకుంది. పొద్దున్నే చట్నీకి పల్లీలు వేయిస్తూ అన్నయ్య మంచినీళ్ళడిగే ముక్క పెట్టుకుని వింటుంది. "ఆ చివరి పాట వదిలెయ్యండి" అంటుంది భర్తతో. ఆయన వదల్లేడు. నిన్న కూడా అబ్రహాముకి ఫోన్ చేశాడు.

"లాకులెత్తారు ఒక్కసారి పాడరా, ఆరోజు ఎంతలో పాడావో అంతలో."

అబ్రహాము గొంతు సవరించుకుని పాడాడు. చరణానికొచ్చేసరికి ఆయాసం. పాట కాస్తా శవయాత్రలా నడిచింది.

"అంత నిదానం కాదురా నాయనా!" అని అరిచి జయపాల్ ఫోను పెట్టేశాడు. షాపు ముందు లారీ హారన్ కొడుతోంది. డ్రైవరు కిందికి దిగి గడియారం చూసుకుంటున్నాడు. జయపాల్ అతనికి ఆగమని చెయ్యి చూపించి, మళ్ళీ అదే నంబరు నొక్కాడు.

"కోప్పడకురా అబ్రహామూ. పల్లవి ఒక్కటీ పాడు. కూర్చుని కాదు, లేచి నిలబడి పాడు."