దుప్పట్ల కింద జెర్సీ

ఈ మాట ఎన్నో ఏళ్లుగా నా గొంతులో అడ్డంగా ఉండిపోయింది. మింగుదామంటే దిగదు. ఎవరికైనా చెబుదామంటే, అడిగినవాళ్లే లేరు. అడిగి ఉంటే చెప్పేదాన్నా? ఏమో. మీరెవరో నాకు తెలియదు కాబట్టి ఈ రోజు చెప్పేస్తున్నాను.

రెండు వేల ఆరులో నేను షార్జాలో, అల్ నహ్దాలో ఒక సారు గారింట్లో పనిచేసేదాన్ని. సారు కాలేజీ పిల్లలకి ఫుట్‌బాల్ నేర్పేవారు. మలయాళీ మనిషి, నాతో హిందీలో మాట్లాడేవారు. ఆట అయ్యాక పిల్లల జెర్సీలన్నీ సంచిలో వేసి ఇంటికే తెచ్చేవారు. ఉతికి, మడతపెట్టి, మళ్లీ సంచిలో సర్దడం నా పని. ఆడిన పిల్లలవి ఇసుకా చెమటా పట్టి వచ్చేవి. పక్కన కూర్చున్న పిల్లలవి మరక లేకుండా వచ్చేవి. వీటిని కూడా ఉతకాలా సార్ అని ఒకసారి అడిగాను. వాళ్లూ ఆటకి వచ్చినవాళ్లే, అందరివీ ఉతుకు అన్నారు. అంత మంచి మాట అప్పుడు నా బుర్రకి ఎక్కలేదు.

సారుకి ఒక పద్ధతి ఉండేది. గెలుస్తున్నా ఓడుతున్నా చివరి పావుగంట ఒక రిజర్వు పిల్లాణ్ణి దింపేవారు. ఎవరిని దింపేదీ ముందు రోజే చెప్పేవారు, ఆ పిల్లాడు ఇంట్లో చెప్పుకుని సంతోషంగా నిద్రపోవాలని. ఆ ఏడాది చివరి ఆటకి వంతు రఫీది. కడప పిల్లాడు. ఏడాదంతా పక్కన కూర్చుని నీళ్లు అందించాడు, అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టాడు. దిగాల్సింది వంశీ బదులు.

వంశీ మా అమలాపురం వైపు వాడు. వాళ్ల నాన్న సత్యం అన్నయ్య ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరు. అక్కడ సెలవూ ఆటలూ ఉండే శుక్రవారం కూడా డ్యూటీయే, కొడుకు ఆట ఒక్కసారీ చూడలేదు. ఈసారి కఫీల్, అంటే ఆ ఇంటి యజమాని, వదిలాడు గానీ, ఆట చివరికొచ్చాకే రాగలడు. తీరా వచ్చేసరికి కొడుకు బయట కూర్చుని ఉంటే? నాకు మనసొప్పలేదు. అది జాలా, మనవాడన్న పక్షపాతమా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. రెండూ అయి ఉంటాయి.

సంచిలో సర్దిన రఫీ జెర్సీని తీసి దుప్పట్ల కింద దాచేశాను.

ఆ రోజు మేడమ్‌తో పాటు నేనూ ఆటకి వెళ్లాను. సంచి విప్పితే జెర్సీ లేదు. బాల్కనీలో తాడు మీదే మర్చిపోయాను సార్ అన్నాను. మైదానం దుబాయ్‌లో. ఆ ట్రాఫిక్‌లో ఇంటికి వెళ్లి రావడం అయ్యే పని కాదు. సెలవులు మొదలై మిగతా రిజర్వు పిల్లలు తమ జెర్సీలు తీసుకుని ఊళ్లకి వెళ్లిపోయారు, వాళ్లవైనా అడగడానికి లేదు. రఫీ తన చారల చొక్కాతోనే బెంచీ మీద కూర్చున్నాడు. కాసేపటికి నా దగ్గరికొచ్చాడు.

"ఏమత్తా, మొగం అట్ల పెట్టినావ్?"

"నీ జెర్సీ మర్చిపోయాను నాయనా."

"మర్చిపోయేది ఎవురికైనా ఉంటుందిలే. మాయమ్మ ఒకతూరి నన్నే బస్టాండులో మర్చిపోయి ఇంటికి పోయింది."

నన్ను నవ్వించాలని అన్నాడు. నేను నవ్వాను కూడా.

ఆట చివరికొచ్చింది. సత్యం అన్నయ్య డ్యూటీ బట్టలతోనే పరిగెత్తుకొచ్చి నా పక్కన నిలబడ్డాడు. అదిగో మీవాడు అని నేను వేలు చూపించేలోపే వంశీ గీత దగ్గరికి నడిచొచ్చాడు. తండ్రిని చూశాడు. చూసి కూడా, జెర్సీ విప్పి రఫీకి తొడిగాడు. ఆ నంబరు రఫీది కాదని రిఫరీ అడ్డుపడ్డాడు. అప్పుడు అవతలి జట్టు కెప్టెన్, పొడుగాటి అరబ్బు పిల్లాడు, ఖలాస్, ఇక చాలు, ఆడనీ అన్నట్టు చెయ్యి ఊపాడు. వాళ్లు ఒక్క గోలుతోనే ముందున్నారు. తమవాళ్లు అలిసిపోయారు, వచ్చేవాడికి అలసట లేదు. అది తెలిసీ ఒప్పుకున్నాడు.

రఫీ మొదటిసారి తంతేనే బంతి గోడ అవతల పడింది. అందరూ నవ్వారు, వాడూ నవ్వాడు. ఆ తర్వాత వాడు పరిగెత్తిన పరుగు ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. మనవాళ్లు ఓడిపోయారు. ఓడినట్టు ఎవరి మొహంలోనూ లేదు. సత్యం అన్నయ్య మెడలో తువ్వాలు తీసి కొడుకు భుజాల మీద కప్పి, రఫీ కోసం చప్పట్లు కొడుతూనే ఉన్నాడు. అంతమంది మంచివాళ్ల మధ్య నేనేం చేశాను? నేనూ చప్పట్లే కొట్టాను.

ఇంటికి రాగానే, ఎవరూ చూడకుండా ఆ జెర్సీని బయటికి తీశాను. మడతల గీతలు కనిపిస్తే దొరికిపోతానని నీళ్లు చిలకరించి, తాడు మీద ఆరేశాను. దాచినదానికన్నా నన్ను ఎక్కువ బాధపెట్టేది ఆ చిలకరించిన నీళ్లే.

సారు తిట్టలేదు. నీకు పని ఎక్కువైంది, అందుకే మరుపు అని, ఆ వారం నుంచి శుక్రవారం మధ్యాహ్నాలు సెలవిచ్చారు. ఆ సెలవు తీసుకున్నాను. వద్దు సార్ అనడానికి నోరు రాలేదు. అంటే ఎందుకని అడుగుతారు కదా?

రఫీ ఇప్పుడు ఎక్కడున్నాడో తెలియదు. కనిపించి చెబితే క్షమిస్తాడని తెలుసు, ఏదో ఒకటి చెప్పి నవ్విస్తాడని కూడా తెలుసు. అందుకే వెతకలేదేమో. వాడితో అనాల్సిన మాట మీతో అంటున్నాను.

మర్చిపోలేదు నాయనా. దాచాను.