నిలువు కుట్ల అంగీ

మేడమ్ పోయారని ఫోన్ చేసి చెప్పింది ఆవిడ భర్తే. "మీ మేడమ్ వెళ్ళిపోయిందమ్మా" అని, ఆపైన ఏం మాట్లాడాలో తెలియక, "భోంచేశావా?" అని అడిగారు అంకుల్.

మీలో చాలామందికి ఆవిడ తెలియదు. సింగపూర్‌లో నాకు పరిశోధన నేర్పిన గురువు. మధ్యయుగాల ఇంగ్లండ్‌లో జనం ఛాతీ మీద ఏం తొడుక్కునేవారన్నది ఆవిడ చదువు. గుంటూరు మనిషికి ఆ గోల దేనికని అడిగితే, "రాజుల కిరీటాలు చూడ్డానికి బోలెడుమంది ఉన్నారు. సిపాయి చెమట పట్టిన బట్ట ఎవరు చూస్తారు?" అనేవారు. హాకర్ సెంటర్‌లో తిండి తెచ్చుకోడానికి వెళ్తూ అందరూ టిష్యూ ప్యాకెట్ పెట్టి టేబుల్ 'చోప్' చేసుకుంటే, అంటే తమదని ఆపుకుంటే, ఆవిడ దారపుండ పెట్టి వెళ్ళేవారు.

జబ్బు బయటపడ్డాక, జురాంగ్ ఈస్ట్‌లో వాళ్ళ ఫ్లాట్‌లోనే ఆ కాలపు సిపాయిల అంగీ ఒకటి కుట్టడం మొదలుపెట్టారు. ఇనుప కవచం కొనే స్తోమత లేని సిపాయిలు కత్తిదెబ్బ కాచుకోడానికి పాత నారబట్ట పొరలు పొరలుగా పేర్చి కుట్టించుకునేవారట. ఆవిడ తన నేత చీరలు పేర్చారు. తీరా సగమయ్యాక చూసుకుంటే, చెయ్యి అలవాటుకొద్దీ వాళ్ళమ్మ బొంత కుట్టే పద్ధతిలో అంచు నుంచి చుట్టూ తిరుగుతూ లోపలికి వచ్చేశారు. ఇంగ్లీషువాళ్ళది నిలువు కుట్టు. మొత్తం విప్పేశారు. "చెయ్యి నాదే, బుద్ధి మా అమ్మది" అని నవ్వారు. అప్పటికే సూది పట్టుకుంటే వేళ్ళు వణికేవి. చూడలేక నేను బాల్కనీలోకి వెళ్ళిపోయేదాన్ని.

ఎలాగో పూర్తి చేశారు. ఆవిడ పోయాక డిపార్ట్‌మెంట్‌లో దాన్ని అద్దాల పెట్టెలో ఉంచుదామన్నారు. నాకూ అదే మంచిదనిపించింది. ఆవిడ చేతిపని అదొక్కటే మిగిలింది, అదీ పాడైపోతే ఇంకేముంది?

పదోరోజు కార్యం అయ్యాక అడగడానికి వెళ్ళాను. తలుపు తీసిన అంకుల్ ఒంటిమీద ఆ అంగీ ఉంది. ఫ్యాన్ తిరగట్లేదు. మెడ మీంచి చెమట కారుతోంది.

"దీనికోసమే వచ్చావని తెలుసు. తీసుకెళ్ళమ్మా, కాదనను" అన్నారు. "కాసేపు ఉండనీ. కొలత చూడ్డానికి రోజూ నాకే తొడిగేది. పక్కనుండే తాళ్ళు మాత్రం నాకందవు. తనే కట్టేది."

అంగీ అడగాలన్న మాట నేను ఎత్తనేలేదు. ఆయన ఎడమ చెయ్యి పైకెత్తి నిలబడ్డారు. నేను వంగి ఒక్కొక్క తాడూ ముడి వేశాను.

"ఇంకొంచెం గట్టిగా" అన్నారు, కళ్ళు మూసుకుని.